సీసా నీరు, కొళాయి నీరు : ఒక గ్రంథ విమర్శ

కొంతకాలము క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన వైజ్ఞానిక ప్రదర్శనకు పరీక్షకుడుగా వెళ్ళితిని. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పట్టణ మంచినీటి సరఫరా నమూనాను చక్కగా తయారుచేసినది. బురదనీటిలో పటిక కలుపుట, మడ్డి అడుగునకు దిగుట, తేటనీరు ఇసుక పొరలగుండ వడియుట, చివరకు క్లోరిన్ కలుపుట - ఇవి అన్నియు అట్టపెట్టెలతోను, గాజుగొట్టములతోను చూపినది. తడుముకొనకుండ వివరించినది కూడ. ఆ నమూనా ప్రక్కనే పరీక్షకుల కొరకు మూడు నీళ్ళసీసాలు పెట్టియుండిరి. "ఏమమ్మా, మీ ఇంట్లో ఈ కొళాయి నీళ్ళే తాగుతారా?" అని అడిగితిని. ఆమె నావైపు వింతగా చూచి, "లేదు సార్, మేము క్యాను నీళ్ళే తాగుతాము. కొళాయి నీళ్ళు గిన్నెలు తోముకోవటానికి" అన్నది.

ఆ బాలికకు మార్కులు వేసి వచ్చితిని గాని ఆ మాట నన్ను విడువలేదు. నీరు ఎట్లు శుద్ధియగునో ఆమెకు తెలియును. ఆ పద్ధతి నిజమని నమ్మినది గనుకనే నమూనా చేసినది. అయినను ఆ పద్ధతిచే శుద్ధియై తన వీధిలోనికి వచ్చిన నీటిని ఆమె నమ్మదు. క్యానులోని నీరు ఎట్లు శుద్ధియైనదో ఆమె చూడలేదు. దానిని ఎవరు పరీక్షించిరో ఆమెకు తెలియదు. అయినను దానిని నమ్మును. ఈ నమ్మకమునకు శాస్త్రములో ఆధారమున్నదా?

ఇట్టి ప్రశ్ననే అమెరికా దేశమును గూర్చి వేసికొని 2010లో ఒక గ్రంథము వ్రాసినవారు పీటర్ గ్లిక్. ఆయన నీటి వనరులను గూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. 1987లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన పసిఫిక్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకులలో ఒకరు. 2006లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి సభ్యుడుగా ఎన్నికైరి. గ్రంథము పేరు "బాటిల్డ్ అండ్ సోల్డ్". సీసాలో నింపి అమ్మిరి అని దీనిని తెలుగులో చెప్పుకొనవచ్చును. మంచినీటి పాఠమును బోధించు ఉపాధ్యాయులు ఈ గ్రంథమును తప్పక చదువవలెను. అయితే అందలి ప్రతి మాటను మన ఊరికి అన్వయించుకొనరాదు. ఏది తీసికొనవలెనో, ఏది విడువవలెనో విచారించుటయే ఈ వ్యాసము పని.

గ్రంథము ఒక క్రీడారంగముతో ప్రారంభమగును. 2007 సెప్టెంబరు 15వ తేదీన సెంట్రల్ ఫ్లారిడా విశ్వవిద్యాలయము వారి క్రొత్త ఫుట్‌బాల్ మైదానము తెరువబడెను. తీవ్రమైన ఎండ. నలుబదియైదు వేలకు పైగా జనము. అంత పెద్ద కట్టడములో ఒక్క మంచినీటి కొళాయి లేదు. దాహమైనవాడు మూడు డాలర్లిచ్చి సీసా కొనవలెను. సీసాలును చాలకపోయెను. ఎండదెబ్బ తగిలి 18 మందిని ఆసుపత్రికి చేర్చిరి. ఇంచుమించు 60 మందికి అక్కడనే చికిత్స చేసిరి. ఆ తరువాతనే విశ్వవిద్యాలయమువారు కొళాయిలు పెట్టించిరి.

ఈ కథను గ్లిక్ ముందు పెట్టుటలో ఉద్దేశమున్నది. సీసా నీరు కొళాయి నీటికి తోడుగా వచ్చిన సౌకర్యమని మనమనుకొందుము. కాని సీసా వచ్చినచోట కొళాయి మెల్లగా మాయమగునని ఆయన వాదము. మన రైల్వే స్టేషనులలో, బస్సు స్టాండులలో కొళాయిల వరుస ఎట్లున్నదో, వాటి ప్రక్కన సీసాల దుకాణములు ఎన్ని వెలసినవో చూచినవారికి ఈ వాదము క్రొత్తగా తోచదు.

జనులు సీసా నీటిని ఏల కొనుచున్నారు? గ్లిక్ చూపిన కారణములలో ముఖ్యమైనవి భయము, రుచి, సౌకర్యము. వీటిలో భయమునకే ఆయన ఎక్కువ పుటలు ఇచ్చిరి. అది సమంజసమే. రుచిని గూర్చి తగవులేదు. ఎవరి నాలుక వారిది. సౌకర్యమును గూర్చియు పెద్ద తగవులేదు. భయము మాత్రము పరీక్షింపదగినది. ఏలయన అది నిజమో కాదో కొలిచి చెప్పవచ్చును.

అమెరికాలో కొళాయి నీటికి 1974లో ప్రత్యేకమైన చట్టము చేసిరి. దానిని అమలుపరచునది పర్యావరణ సంస్థ. సీసా నీరు ఆహారపదార్థముగా లెక్కింపబడి మరియొక సంస్థ క్రిందకు వచ్చును. 1996లో చట్టమును సవరించి, నీటి సరఫరా సంస్థలు తమ నీటిలో ఏమేమి కనబడినదో ఏటేట వినియోగదారులకు తెలుపవలెనని విధించిరి. సీసా కంపెనీలకు అట్టి విధి లేదు. గ్లిక్ ఎత్తిచూపిన ఈ భేదము చాల విలువైనది. కొళాయి నీటిలో దోషముండవచ్చును. కాని ఆ దోషము పత్రికలకెక్కును. సీసాలోను దోషముండవచ్చును, అది తెలియవలెనన్న ఎవరో వెదకి పట్టవలెను. కొళాయిని గూర్చి చెడువార్తలు ఎక్కువగా వినబడుటకు ఇదియు నొక కారణము. వార్త వినబడనంతమాత్రమున నీరు శుద్ధమైనదని కాదు.

సీసాలో దోషముండుటకు ఉదాహరణములు లేకపోలేదు. 1990లో పెర్రియర్ అను ప్రసిద్ధమైన ఫ్రెంచి నీటిలో బెంజీన్ కనబడి, ప్రపంచమంతటినుండి కోట్లకొలది సీసాలను వెనుకకు తీసికొనిరి. రసాయనశాస్త్ర ఉపాధ్యాయునకు ఇంతకంటె ఉపయోగపడు కథ 2004లో ఇంగ్లండులో జరిగినది. కోకకోలా కంపెనీ డసాని అను సీసా నీటిని అక్కడ విక్రయింప మొదలిడెను. ఆ నీరు సిడ్‌కప్ అను ఊరి కొళాయి నీరే. దానినుండి లవణములను తీసివేసి, రుచికొరకు కాల్షియం క్లోరైడు కలిపి, సూక్ష్మజీవులు నశించుటకు ఓజోన్ వాయువును పంపిరి. ఆ కాల్షియం క్లోరైడులో కొద్దిగా బ్రోమైడు ఉండెను. ఓజోన్ గొప్ప ఆక్సీకరణి గనుక బ్రోమైడు బ్రోమేటుగా మారెను. త్రాగునీటిలో బ్రోమేటు లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదని నియమము. కొన్ని సీసాలలో అది మించినది. మార్చి నెలలో సుమారు అయిదు లక్షల సీసాలను వాపసు తీసికొనిరి. కొళాయిలో లేని దోషము ఆ నీటిని ఇంకను శుద్ధిచేయుటవలననే వచ్చినది! ప్రతి శుద్ధిక్రియయు ఒక రసాయనక్రియయే. ఏమి కలిపిరో, ఏమి పుట్టినదో కొలువవలసిన బాధ్యత ఆ క్రియతోపాటే వచ్చును.

ఇంధనమును గూర్చి గ్లిక్ చెప్పిన లెక్క తరగతిలో చేయించుటకు తగినది. 2009లో ఆయనయు, హెదర్ కూలీ అను శాస్త్రజ్ఞురాలును ప్రకటించిన పరిశోధన ప్రకారము అమెరికాలో ఒక లీటరు సీసా నీటిని తయారుచేసి అమ్ముటకు 5.6 మొదలు 10.2 మెగాజౌళ్ళ శక్తి వినియోగమగును. ప్లాస్టిక్ చేయుట, సీసా పోత పోయుట, నింపుట, లారీలలోను ఓడలలోను మోయుట, చల్లబరచుట - అన్నియు ఇందు చేరినవి. కొళాయి నీటికి అగునది సుమారు 0.005 మెగాజౌలు మాత్రమే. దీనిని పది వాట్ల దీపముతో పోల్చుదము. లీటరు కొళాయి నీటికి అగు శక్తితో ఆ దీపము ఎనిమిది నిమిషములు వెలుగును. లీటరు సీసా నీటికి అగు శక్తితో, తక్కువ లెక్కను తీసికొన్నను, ఆరున్నర దినములు ఎడతెగక వెలుగును. ఒక లీటరు నీటికే ఇంత భేదము!

ఇంతవరకు గ్రంథకర్తతో ఏకీభవింపవచ్చును. ఇక భేదింపవలసిన తావులు చూతము.

మొదటిది, సీసాకు విరుద్ధముగా వాదించువారు అప్పుడప్పుడు తామును భయమునే ఆయుధముగా పట్టుదురు. 2006లో ఫిజీ అను సీసా నీటి కంపెనీ తన ప్రకటనలో క్లీవ్‌లాండ్ నగరమును పరిహసించెను. నగరమువారు కోపించి రెండు నీళ్ళను పరీక్ష చేయించిరి. ఫిజీ నీటిలో లీటరుకు 6.3 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్నదనియు, తమ నీటిలో కొలువదగినంత లేదనియు ప్రకటించిరి. కంపెనీ ఆ అంకెను ఒప్పుకొనలేదు. కొళాయి పక్షమువారు ఈ కథను ఉత్సాహముతో చెప్పుకొందురు. కాని అచ్చట అనుమతింపబడిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. 6.3 అనునది హద్దునకు లోపలిదే. పరిహాసమునకు అది చక్కని జవాబు కావచ్చును గాని ఆ నీరు విషమని చెప్పుటకు అది చాలదు. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సీసా నీటిలో లీటరుకు సగటున రెండులక్షల నలుబదివేల సూక్ష్మ ప్లాస్టిక్ కణములు లెక్కించిన విషయమును గూర్చియు ఇంతే జాగ్రత్త అవసరము. కణములున్నవనుట నిజము. వాటివలన మానవ శరీరమునకు ఎంత హాని కలుగునో శాస్త్రము ఇంకను తేల్చలేదు. కొళాయి నీటిని సమర్థించుటకు అతిశయోక్తి అక్కరలేదు.

రెండవది, ఇంధనపు లెక్క ఒకసారి వాడి పారవేయు సీసాకు సంబంధించినది. మన ఇండ్లలోనికి వచ్చు ఇరువది లీటర్ల క్యాను మరల మరల నింపబడును. పక్క వీధినుండి ఆటోలో వచ్చును. ఆ అంకెలను యథాతథముగా క్యానుకు తగిలించి తరగతిలో చెప్పుట తప్పు.

మూడవదియు, ముఖ్యమైనదియు నేమనగా, గ్లిక్ సమర్థించు కొళాయి మన కొళాయి కాదు. ఆయన మనస్సులోనున్న కొళాయిలో ఇరువదినాలుగు గంటలును ఒత్తిడితో నీరు వచ్చును. మన పట్టణములలో ఎక్కువచోట్ల నీరు వచ్చునది రోజుకు కొద్ది గంటలు, కొన్నిచోట్ల రెండు మూడు దినముల కొకసారి. ఇది కేవలము అసౌకర్యము కాదు, ఆరోగ్యమునకు సంబంధించిన భౌతికశాస్త్ర విషయము. గొట్టములో నీరు ఒత్తిడితో ప్రవహించుచున్నంతసేపు చిల్లులున్నచోట లోపలి నీరు బయటికి పోవును. సరఫరా ఆగి ఒత్తిడి తగ్గినప్పుడు బయటి మురుగు ఆ చిల్లులగుండనే లోపలికి వచ్చును. మరునాడు మొదట వచ్చు నీటితో అది మన బిందెలో పడును. శుద్ధికేంద్రమునుండి బయలుదేరిన నీరు నిర్దోషమైనను, ఇల్లు చేరిన నీరు నిర్దోషము కాకపోవచ్చును. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్ ప్రాంతమున కలుషితమైన కొళాయి నీరు త్రాగి వందలమంది జబ్బుపడిరి; పలువురు మరణించిరి. ఆ వీధిలోని తల్లి కొళాయి నీటిని చూచి భయపడినచో ఆమెను అజ్ఞానురాలని ఎవరు అనగలరు?

గ్రంథము వెలువడిన తరువాత అమెరికాలోనే ఫ్లింట్ నగరపు దుర్ఘటన జరిగినది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుటకై ఆ నగరపు నీటికి మూలమును మార్చి, గొట్టములు తినిపోకుండ కలుపవలసిన రసాయనమును కలుపకపోయిరి. పాత గొట్టములలోని సీసము నీటిలో కరిగెను. సీసపు గొట్టములనుండి వచ్చిన విషమునకు తాత్కాలికముగా సీసా నీటినే పంచవలసివచ్చెను. అట్టి ఆపదలో సీసా నీరు ప్రాణరక్షకమే. అయితే ఆ దోషమును బయటపెట్టినది ఏది? ఇంటింటి కొళాయినుండి నీటి నమూనాలు సేకరించిన పౌరులు, వాటిని పరీక్షించిన విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, పిల్లల రక్తపరీక్షల అంకెలను పోల్చిచూచిన ఒక వైద్యురాలు. నీరు అందరిది గనుక ప్రశ్నించు హక్కు అందరికి నుండెను.

నాలుగవది, మన దేశములో బలముగానున్న మరియొక అంగడి గ్లిక్ గ్రంథములో లేదు. అది ఇంటి గోడకు తగిలించు ఆర్.ఓ. యంత్రము, వీధి చివరి వాటర్ ప్లాంటు. సీసా నీటి విక్రయమును పూర్వకాలపు మందుల గారడీతో పోల్చుచు, అయస్కాంత జలము, ప్రాణవాయు జలము మొదలగు వింతలను ఆయన ఒక అధ్యాయములో చక్కగా ఎండగట్టిరి. మన గారడీని ఆయన చూచియుండినచో మరియొక అధ్యాయము వ్రాసియుందురు.

ఆ గారడీ మా ఇంటి ముందు గదిలోనే జరిగినది. యంత్రము అమ్మ వచ్చిన యువకుడు రెండు గ్లాసులలో నీరు పోసెను. ఒకదానిలో మా కొళాయి నీరు, రెండవదానిలో తాను తెచ్చిన ఆర్.ఓ. నీరు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరమును ఆ గ్లాసులలో ముంచి విద్యుత్తును పంపెను. రెండు నిమిషములలో కొళాయి నీరు పచ్చబడి, తుప్పురంగునకు తిరిగి, బురదవలె అయ్యెను. ఆర్.ఓ. నీరు తేటగానే యుండెను. "చూశారా సార్, మీరు రోజూ తాగేది ఇదీ!" అనెను. మా అమ్మగారు గుండెమీద చేయివేసికొనిరి.

ఆ బురద మా నీటిలోనిది కాదు, ఆయన కడ్డీలోనిది. కొళాయి నీటిలో సహజముగా కరిగిన లవణములుండును. అందువలన విద్యుత్తు ప్రవహించును. ధన ధ్రువముగానున్న ఇనుప కడ్డీ కరిగి ఇనుప అయానులు నీటిలో చేరును. అవి మొదట ఆకుపచ్చని ఫెర్రస్ హైడ్రాక్సైడుగను, గాలి సోకి గోధుమరంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడుగను మారును. ఆర్.ఓ. నీటిలో లవణములు చాల తక్కువ; విద్యుత్తు దాదాపు ప్రవహింపదు; కడ్డీ కరుగదు. నేను లేచి వంటింటినుండి చిటికెడు ఉప్పు తెచ్చి ఆయన తేట నీటిలో వేసి, మరల పరికరమును ముంచమంటిని. అదియు బురదయయ్యెను. ఆయన పరికరమును తుడిచి సంచిలో పెట్టుకొని, "మాకు ఇలాగే చూపించమని చెప్పారు సార్" అనెను. ఆ యువకునిపై నాకు కోపము రాలేదు. విద్యుద్విశ్లేషణము పదవ తరగతివరకు చదివిన ప్రతి ఇంటిలోను ఆ గారడీ నెగ్గుచున్నదన్న సంగతియే నన్ను బాధించినది.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చేయవచ్చును. ఇంటి కరెంటును మాత్రము ఎన్నడును వాడరాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు ఇనుప మేకులు చాలును; కొంచెము ఓపిక పట్టవలెను. మొదట ఆర్.ఓ. నీటితోను, పిమ్మట అదే నీటిలో ఉప్పు కలిపియు చేసినచో పిల్లలు ఇక మోసపోరు.

ఆయన చూపిన రెండవ పరికరము టి.డి.ఎస్. మీటరు. అది నీటి విద్యుద్వాహకతను కొలిచి, కరిగిన లవణముల మొత్తమును అంచనావేసి చూపును. అంతకుమించి దానికి తెలియదు. గ్లాసెడు నీటిలో చెంచాడు పంచదార కలుపుడు. మీటరులోని అంకె పెరుగదు, ఏలయన పంచదార విద్యుత్తును ప్రవహింపనీయదు. నీటిలో కలరా క్రిములున్నను దానికి తెలియదు. హానికరమైన మోతాదులో ఆర్సెనిక్ ఉన్నను ఆ అంకెలో కనబడునంత మార్పు రాదు. భారత ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణము ప్రకారము కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు వాంఛనీయము; వేరు నీరు దొరకనిచోట 2000 వరకు అనుమతింపబడును. కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి యిచ్చుచోట అంకె మూడువందలు చూపినచో అది దోషము కాదు. ఆ నీటిని ఆర్.ఓ. యంత్రములో పోసినచో ఒక బిందె తేటనీటికొరకు రెండు మూడు బిందెల నీరు కాలువపాలగుట సామాన్యము. అందుకే 2019లో జాతీయ హరిత న్యాయస్థానము లవణములు 500 మిల్లీగ్రాములకు తక్కువగానున్న నీటికి ఈ యంత్రములు వాడకుండ నిషేధింపుడని కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించెను.

క్యాను నీటిని గూర్చి మరియొక సంగతి. కొళాయి నీటిలో కలిపిన క్లోరిన్‌లో కొంత ఖర్చుకాక మిగిలి, గొట్టములగుండ మన ఇంటివరకు వచ్చును. దీనిని అవశేష క్లోరిన్ అందురు. అది కావలివానివంటిది, దారిలో ప్రవేశించు సూక్ష్మజీవులను కొంతవరకు చంపును. ఆర్.ఓ. యంత్రములో పొరకు హాని కలుగకుండుటకై ముందుగానే బొగ్గు వడపోతలో క్లోరిన్‌ను తీసివేయుదురు. కావున క్యానులోని నీటికి కావలివాడు లేడు. సరిగా కడుగని క్యానులో పోసినను, మురికి గ్లాసు ముంచినను, వారము దినములు మూలనుంచినను అందులో సూక్ష్మజీవులు యథేచ్ఛగా పెరుగును. ముద్రవేసిన సీసాకైనను ప్రమాణము, తేదీ, కంపెనీ పేరు ఉండును. మూత తిప్పి నింపియిచ్చు క్యానుమీద ఏ పేరును, ఏ తేదీయు లేకపోవుట మనము నిత్యము చూచునదే. ముద్రయున్నంతమాత్రమున నిశ్చింతగా నుండరాదని 2003లో తెలిసినది. ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రము వారు పేరున్న సీసాల నీటిలో పురుగుమందుల అవశేషములు చూపిన తరువాతనే మన దేశములో ఆ ప్రమాణములు కఠినమైనవి. 2024లో ఆహార భద్రతా సంస్థ సీసా నీటిని ఎక్కువ ప్రమాదావకాశముగల ఆహారముల వర్గములో చేర్చినది.

అట్లని ఆర్.ఓ. యంత్రము ఎచ్చటను పనికిరాదని నా వాదము కాదు. ఫ్లోరైడు అధికముగానున్న బోరు నీరు తప్ప వేరు నీరు లేనిచోట అది ఉపకారియే. ఈ విషయములో తెలుగుదేశపు అనుభవము మిక్కిలి విచారకరమైనది. త్రాగునీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంకరపోవు వ్యాధిని 1937లోనే నాటి మదరాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించిరి. నల్లగొండ జిల్లాలో తరములు తరములు ఆ వ్యాధితో వంగిపోయినవి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరు పరిశోధనాలయమువారు రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అయినను ఊరూర దినదినము ఆ పని జరుగుట కష్టమైనది. బోరును విడిచి కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి గొట్టములద్వారా ఇంటింటికి చేర్చు పథకమును తెలంగాణలో 2016లో ప్రారంభించిరి. ఇక్కడ గమనింపవలసినదేమనగా, డబ్బున్న కుటుంబము క్యాను కొనుక్కొని తన పిల్లల ఎముకలను కాపాడుకొనగలదు. ఊరి ఎముకలను కాపాడగలది ఊరి కొళాయియే.

గ్లిక్ గ్రంథములోని సారమైన భాగమును ఇప్పుడు మన భాషలో చెప్పవచ్చును. కొళాయిని విడిచినవారు కొళాయిని గూర్చి అడుగుట మానుదురు. ఒక వీధిలో పది ఇండ్లున్నవనుకొనుడు. నీరు రంగుమారి వచ్చినది. మొదట స్తోమతుగల నాలుగిండ్లవారు క్యాను తెప్పించుకొందురు. వారే ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వర్తకులు. అర్జీ వ్రాయగలవారు, ఆఫీసుకు పోయి అడుగగలవారు. వారికి ఇక కొళాయితో పనిలేదు. మిగిలిన ఆరిండ్లవారి మాట ఎవరు వినును? గొట్టము బాగుపడదు. మరి రెండిండ్లవారు అప్పుచేసి క్యాను తెప్పింతురు. చివరకు ఆ కొళాయి నీరు త్రాగువారు దానిని మార్పించు శక్తి లేనివారే. ఆర్.ఓ. కొనుట తప్పు కాదు. కొని ఊరకుండుట తప్పు.

ఈ పతనము అనివార్యము కాదు. ఒడిషాలోని పూరీ పట్టణములో 2021 జులైనుండి ఇరువదినాలుగు గంటలును కొళాయిలో త్రాగదగిన నీటిని ఇచ్చు పథకము ప్రారంభమైనది. సంవత్సరమునకు లక్షలకొలది యాత్రికులు వచ్చు ఊరది. ఆ నీటిని వీధి కొళాయివద్దనే త్రాగవచ్చునని అక్కడివారు ప్రకటించిరి. మన దేశములో, మన వాతావరణములో, మన వంటి గొట్టములతో కాని పని కాదని ఇకమీదట అనుటకు వీలులేదు.

కావున నేటి మన స్థితిలో, కళ్ళుమూసుకొని కొళాయి నీరు త్రాగుడని పిల్లలకు చెప్పరాదు. కళ్ళుమూసుకొని క్యాను నీరు త్రాగుటయు మాన్పవలెను. పరీక్షించి త్రాగుట నేర్పవలెను. పరీక్ష కష్టమైనది కాదు. అవశేష క్లోరిన్‌ను చూపు డి.పి.డి. బిళ్ళను పది మిల్లీలీటర్ల నీటిలో వేసినచో క్లోరిన్ ఉన్నప్పుడు గులాబి రంగు వచ్చును. రంగుపట్టీతో పోల్చి మోతాదు చెప్పవచ్చును. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాములు ఉండవలెనని మన ప్రమాణము. మలసంబంధమైన సూక్ష్మజీవులను పసికట్టుటకు హైడ్రోజన్ సల్ఫైడు సీసాలు దొరకును. అందులో నీరుపోసి వెచ్చని తావున ఒకటి రెండు దినములుంచినచో కలుషితమైన నీరు నల్లబడును. ఒక తరగతి పిల్లలు తమ తమ ఇండ్లనుండి కొళాయి నీరు, సంపు నీరు, మిద్దెమీది ట్యాంకు నీరు, క్యాను నీరు తెచ్చి పరీక్షించి పట్టికలో వ్రాసినచో, దోషము గొట్టములో నున్నదో, ఏండ్లతరబడి కడుగని మన ట్యాంకులోనే యున్నదో తేలును. చాలమందికి ఆ ఫలితము ఆశ్చర్యము కలిగించును. దోషము గొట్టములోనిదైనచో ఆ పట్టికను జతపరచి పురపాలక సంఘమునకో, పంచాయితీకో అర్జీ పెట్టవచ్చును. అంకెలతో వచ్చిన అర్జీని త్రోసిపుచ్చుట కష్టము. ఫలితములు తెలియువరకు, అనుమానమున్న నీటిని తెర్లునట్లు కాచి చల్లార్చి త్రాగుట మన పెద్దలు ఎరిగిన ఉపాయమే. సూక్ష్మజీవులకు అది చాలును. ఫ్లోరైడు వంటి లవణములు మాత్రము కాచుటవలన పోవు.

మొత్తముమీద గ్లిక్ గ్రంథము నిజాయితీతో, శ్రమతో వ్రాసినది. సీసాను నిషేధింపుమని ఆయన కేకలు వేయలేదు. కొళాయిని బాగుచేయుడు, సీసాపై నిజము వ్రాయింపుడు, బహిరంగ స్థలములలో మరల మంచినీటి కొళాయిలు పెట్టుడు అని చెప్పిరి. కొళాయి సామాన్యముగా బాగుండునని ఆయనకు ధైర్యము కలదు. మనకు ఆ ధైర్యము ఇంకను సంపాదింపవలసియున్నది. అదియే ఆ గ్రంథమునకును మనకును నడుమనున్న దూరము.

ఆ ప్రదర్శనలోని బాలిక నమూనాలో ఒక్కటే లోపము. నీరు శుద్ధికేంద్రమునుండి బయలుదేరుటవరకు చూపినది. తన ఇంటి బిందెవరకు రాలేదు. మరుసటి సంవత్సరము ఆమె ఆ చివరి భాగమును కూడ చేర్చి, తన వీధి కొళాయి నీటిలో ఎంత క్లోరిన్ మిగిలియున్నదో కొలిచి ఆ అంకెను అట్టపై వ్రాసిపెట్టినచో, ఆమెకు మొదటి బహుమతి ఇయ్యవలెనని నా కోరిక.